కొట్టకుండా నేర్పుదాం
(పెంపుడు కుక్కతో అడ్డంకుల ఆట)



మన ఊళ్లలో కుక్క లేని వీధి ఉండదు. కుక్క మన వాకిట్లో పడుకుంటుంది. మనం పెట్టిన ముద్ద తింటుంది. రాత్రిపూట కాపలా కాస్తుంది. అయినా మనం కుక్కకు నేర్పే మాటలు రెండే రెండు. ఒకటి 'ఛీ'. రెండోది 'ఉస్కో'. 'ఛీ' అంటే అవతలికి పో అని. 'ఉస్కో' అంటే మీద పడు అని.

ఈ రెండు మాటలే నేర్పితే కుక్క ఎట్లా తయారవుతుంది? వేరే మాటలు నేర్పితే ఎట్లా తయారవుతుంది? ఈ పాఠం చదవండి.

రాజు చేసిన తప్పు

మా అక్షర కేంద్రానికి ఒక అత్త వస్తుంది. ఆమెకు నలభై ఐదేళ్లు. భర్త లేడు. కొడుకు పట్నంలో పని చేస్తాడు. అత్త కూలికి పోతుంది. ఇంట్లో అత్త, ఆమె కుక్క. అంతే.

కుక్క పేరు రాజు. గోధుమ రంగు. ఎడమ చెవి మీద నల్ల మచ్చ. వయసు రెండేళ్లు. ఊరకుక్కే. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే అత్త ఇంటికి తెచ్చుకుంది.

అత్త పొద్దున పనికి పోయేటప్పుడు రాజును గుంజకు కట్టేస్తుంది. సాయంత్రం వచ్చి విప్పుతుంది. పగలంతా కట్టేసిన కుక్క. విప్పగానే బాణంలాగా ఉరుకుతుంది. సైకిళ్ల వెంట పడుతుంది. పిల్లలు 'ఉస్కో, ఉస్కో' అని ఇంకా రెచ్చగొడతారు.

ఒకరోజు బడి నుంచి వస్తున్న పిల్లవాడి సైకిలు వెంట పడింది. పిల్లవాడు కింద పడ్డాడు. రాజు పన్ను వాడి పిక్కకు గీసుకుంది. రక్తం వచ్చింది.

పిల్లవాడి అవ్వ పరుగున వచ్చింది. గాయం మీద కారం అద్దబోయింది. నేను ఆపాను. కుళాయి కింద సబ్బు పెట్టి పావుగంట సేపు కడిగాం. ఆ పూటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాం. అక్కడ సూది వేశారు. తరవాత డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ పోయి మిగతా సూదులు వేయించాం. ఒక్కటి కూడా మాననివ్వలేదు.

రాజును పది రోజులు కట్టేసి కనిపెట్టి చూశాం. దానికి ఏ జబ్బూ రాలేదు.

కానీ ఊళ్లో గొడవ ఆగలేదు.

"దానికి మందు పెట్టండి" అన్నారు కొందరు.

"సంచిలో వేసి ఏటి అవతల వదిలేసి రండి" అన్నారు ఇంకొందరు.

అత్త రచ్చబండ దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వాడు తప్ప నాకు ఇంట్లో పలికేవాళ్లు ఎవరున్నారు?" అంది.

నేను లేచి చెప్పాను. "కుక్కకు మందు పెట్టి చంపడం నేరం. జంతువులను హింసించకూడదని 1960లోనే చట్టం వచ్చింది. ఏటి అవతల వదిలితే ఆ ఊళ్లో ఇంకో పిల్లవాడిని కరుస్తుంది. నెల రోజులు గడువు ఇవ్వండి. దాన్ని మార్చి చూపిస్తాం."

పెద్దలు ఒప్పుకున్నారు. "నెల రోజులే. ఆ తరవాత మా మాట వినాలి" అన్నారు.

మాట ఇచ్చాను కానీ నాకు భయం పట్టుకుంది. టీచరు ట్రైనింగులో పిల్లలకు నేర్పడం నేర్చుకున్నాను. కుక్కకు నేర్పడం నాకేం తెలుసు?

ఈ ఆట ఎక్కడిది?

మర్నాడు పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరుగారు అంతా విన్నారు. "కుక్కకు పరుగు కావాలి. పని కావాలి. రెండూ లేకపోతే సైకిళ్ల వెంట పడక ఏం చేస్తుంది?" అన్నారు. తన ఫోనులో ఒక ఆట చూపించారు.

దాని పేరు అజిలిటీ. అజిలిటీ అంటే చురుకుదనం. ఇది కుక్కకూ మనిషికీ కలిపి పెట్టే ఆట. మైదానంలో వరసగా అడ్డంకులు ఉంటాయి. కుక్క కర్రల మీద నుంచి దూకుతుంది. గొట్టంలో దూరి అవతల వస్తుంది. పాతిన కర్రల మధ్య పాములాగా మెలికలు తిరుగుతుంది. ఎత్తయిన పలక మీద నడుస్తుంది. దాని మనిషి పక్కనే పరుగెత్తుతూ దారి చూపిస్తుంది.

ఈ ఆట 1978లో ఇంగ్లండు దేశంలో పుట్టింది. లండన్ నగరంలో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరిగింది. మధ్యలో ఖాళీ సమయం వచ్చింది. ఆ కాసేపు జనానికి ఏదైనా చూపించాలని నిర్వాహకులు అనుకున్నారు. వారిలో జాన్ వార్లీ ఒకరు. ఆయన పీటర్ మీన్‌వెల్ అనే కుక్కల శిక్షకుడి సాయం తీసుకున్నారు. గుర్రాలు అడ్డంకులు దూకే పోటీలు అక్కడ ముందునుంచే ఉన్నాయి. అదే పద్ధతిలో కుక్కల చేత దూకించారు. జనానికి బాగా నచ్చింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ పోటీలు జరుగుతున్నాయి.

పోటీలో సుమారు ఇరవై దాకా అడ్డంకులు ఉంటాయి. ప్రతి పోటీకీ వాటి వరస మారుతుంది. కర్ర పడేస్తే తప్పు. ఒక అడ్డంకి వదిలేస్తే తప్పు. తప్పులు లేకుండా, తొందరగా ముగించిన జంట గెలుస్తుంది.

ఇందులో నాకు నచ్చిన నియమం ఒకటి ఉంది. పరుగు జరుగుతున్నప్పుడు కుక్క మెడకు తాడు ఉండదు. మనిషి చేతిలో తిండి ఉండదు. కుక్కను ముట్టుకోకూడదు. కుక్కను కొడితే ఆ జంటను పోటీ నుంచి తీసేస్తారు. మాటతో, చేతి సైగతో, నడకతో మాత్రమే దారి చూపించాలి. అంటే కుక్క భయపడి దూకదు. ఇష్టపడి దూకుతుంది.

"ఇవి జాతి కుక్కలకే గదా సార్?" అని అడిగాను.

డాక్టరుగారు నవ్వారు. ఉత్తరాఖండ్ రాష్ట్ర పోలీసులు ఒక వీధికుక్కను చేరదీసి శిక్షణ ఇచ్చారు. దాని పేరు ఠెంగా. అది పోలీసు కుక్కల దళంలో చేరింది. 2019లో దాని గురించి పత్రికల్లో వచ్చింది. వీధికుక్క పోలీసు పని నేర్చుకోగా లేనిది, మన రాజు కర్ర దూకలేదా?

మొదలుపెట్టే ముందు

ఆట మొదలుపెట్టే ముందు నాలుగు పనులు చేయాలి. డాక్టరుగారు చెబుతుంటే అత్త తన నోటుపుస్తకంలో రాసుకుంది.

ఒకటి. కుక్కకు పిచ్చికుక్క జబ్బు రాకుండా టీకా వేయించాలి. ఈ జబ్బునే రేబిస్ అంటారు. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేస్తారు. తరవాత డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్లీ వేయించాలి. ఏటా జులై 6న చాలా పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

రెండు. వయసు చూడాలి. ఏడాది నిండని కుక్కపిల్ల చేత ఎత్తు దూకించకూడదు. దాని ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. పెద్దజాతి కుక్క అయితే ఏడాదిన్నర ఆగాలి. అంతదాకా పిలవడం, కూర్చోవడం, నేల మీద ఉన్న కర్ర దాటడం చాలు. చూడి కుక్క చేత, ముసలి కుక్క చేత, కుంటుతున్న కుక్క చేత దూకించవద్దు.

మూడు. వేళ చూడాలి. పొద్దున్నే కానీ, చల్లబడిన తరవాత కానీ ఆడించాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఎండలో పరుగెత్తిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీ అరచేతి వెనకభాగం నేలకు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ చురుక్కుమంటుంది. పక్కన నీళ్లు పెట్టుకోండి. కడుపు నిండా తిన్న వెంటనే ఆడించవద్దు.

నాలుగు. బహుమానం సిద్ధం చేసుకోవాలి. ఉడికిన గుడ్డు, ఉప్పు కారం లేని కోడిమాంసం, రొట్టె ముక్క, ఏదైనా సరే. ముక్క శనగగింజంత ఉంటే చాలు. పెద్ద ముక్క పెడితే తినడంతోనే సరిపోతుంది. చాక్లెట్టు, ఉల్లిపాయ, ఎండుద్రాక్ష పెట్టకూడదు. అవి కుక్కకు విషం. ఉడికిన కోడి ఎముకలు పెట్టకూడదు. అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

ఇంకో మాట కూడా డాక్టరుగారు గట్టిగా చెప్పారు. "నేర్చుకునేదాకా కుక్కను వీధిలో ఒంటరిగా వదలకండి. పొడుగు తాడు కట్టి పట్టుకోండి."

నాలుగు మాటలు

మొదటి వారం అడ్డంకుల జోలికి పోలేదు. రాజుకు నాలుగు మాటలు నేర్పాం.

భేష్: ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. అత్త 'భేష్' అనేది. వెంటనే ఒక ముక్క పెట్టేది. మళ్లీ 'భేష్'. మళ్లీ ముక్క. పదిహేను సార్లు ఇట్లా చేసేసరికి రాజుకు తెలిసిపోయింది. 'భేష్' అంటే ముక్క వస్తుందని. ఇక కుక్క మంచిపని చేసిన క్షణంలోనే 'భేష్' అనాలి. ఆలస్యం చేస్తే దేనికి మెచ్చుకున్నామో దానికి తెలియదు.

రా: పేరు పెట్టి 'రాజూ, రా' అని పిలవాలి. రాగానే 'భేష్', ముక్క. మొదట నాలుగు అడుగుల దూరం నుంచి. తరవాత వాకిలి అవతల నుంచి. 'రా' అని పిలిచి ఎప్పుడూ కొట్టకండి. ఒక్కసారి కొడితే మళ్లీ పిలిచినప్పుడు రాదు.

కూర్చో: ముక్కను కుక్క ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరపాలి. తల పైకి లేస్తుంది. నడుము కిందికి దిగుతుంది. దిగిన క్షణంలో 'భేష్'. వీపు మీద చెయ్యి పెట్టి నొక్కవద్దు.

ఆగు: గుప్పిట్లో ముక్క పట్టుకోవాలి. కుక్క నాకుతుంది. కాలితో గీకుతుంది. మనం పలకకూడదు. గుప్పిలి తెరవకూడదు. ఎప్పుడో ఒకప్పుడు అది విసిగి మూతి వెనక్కి తీసుకుంటుంది. ఆ క్షణంలో 'భేష్' అని గుప్పిలి తెరవాలి. 'ఆగితే దొరుకుతుంది, ఎగబడితే దొరకదు' అని దానికి అర్థమవుతుంది. అప్పుడు 'ఆగు' అనే మాట చేర్చాలి.

పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. అంతకంటే ఎక్కువ వద్దు. ఇంకా కావాలి అని కుక్క చూస్తున్నప్పుడే ఆపేయాలి.

నేను చేసిన తప్పు

రెండో వారం మొదలైంది. గడువు దగ్గర పడుతున్నదని నాకు తొందర పుట్టింది.

ఆటలో గొట్టం ఉంటుంది గదా. మన దగ్గర గొట్టం ఎక్కడిది? అత్త నులకమంచం మీద దుప్పటి కప్పాను. రెండు పక్కలా నేలదాకా వేలాడదీశాను. తలవైపు నుంచి కాళ్లవైపుకు కుక్క దూరి రావాలి. రాజు ఆ చీకటి చూసి వెనక్కి తగ్గింది. నేను తాడు పట్టి లాగాను. అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టింది. నేను ఇంకా లాగాను. మంచం కిందికి వచ్చింది. కానీ వణికిపోయింది. తోక కాళ్ల మధ్య పెట్టుకుని మూలకు పోయి కూర్చుంది.

ఆ తరవాత మూడు రోజులు మంచం కనపడితేనే పారిపోయింది. నేను తాడు పట్టుకుంటే మొహం తిప్పుకుంది.

అత్తకు కోపం రాలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పంతులమ్మా, ఒక మాట అడుగుతా చెప్పు. నాకు 'క్ష' రానప్పుడు నువ్వు నా చెవి పట్టుకుని లాగావా?"

"లేదత్తా."

"మరి ఏం చేశావు?"

"ముందు 'క' దిద్దించాను. తరవాత 'ష' దిద్దించాను."

"అవి వచ్చినంక గదా రెండూ కలిపావు. అక్షరం అనే మాటలోనే 'క్ష' ఉందని చెప్పి నవ్వావు. నలభై ఐదేళ్ల దాన్ని, నాకే అంత ఓపికగా చెప్పావే. వాడు నోరు లేనోడు. వాడికి ఒక్కరోజులో రావాలంటే ఎట్లా?"

నాకు సిగ్గేసింది. ట్రైనింగులో నేను చదివిన పాఠం అత్త నాకు మళ్లీ చెప్పింది.

మర్నాటి నుంచి అత్తే నేర్పింది. దుప్పటి తీసేసింది. వట్టి మంచం కింద ఒక ముక్క పెట్టింది. రాజు తల పెట్టి తీసుకుంది. 'భేష్.' మర్నాడు ముక్క ఇంకొంచెం లోపల పెట్టింది. మూడో రోజు అవతల కూర్చుని పిలిచింది. రాజు మంచం కింద నుంచి వచ్చేసింది. నాలుగో రోజు ఒక పక్క దుప్పటి వేలాడదీసింది. ఐదో రోజు రెండు పక్కలా. ఆరో రోజు రాజు తనంతట తానే మంచం కింద దూరి అవతల నిలబడి తోక ఊపింది.

అక్కలారా, కుక్క భయపడితే మనకు తెలుస్తుంది. తోక ముడుస్తుంది. చెవులు వెనక్కి పెడుతుంది. ఊరికే ఆవలిస్తుంది. మూతి నాక్కుంటుంది. మొహం తిప్పుకుంటుంది. అప్పుడు ఒక మెట్టు వెనక్కి పోవాలి. సులువైన పని చేయించి, మెచ్చుకుని, ఆ పూటకు ఆపాలి.

ఇంట్లో వస్తువులతో అడ్డంకులు

ఈ ఆటకు డబ్బు పెట్టాల్సిన పని లేదు. మేము వాడినవి ఇవే.

కర్ర: సన్నని వెదురు కర్ర తీసుకోండి. మొదటి రోజు నేల మీద పెట్టండి. కుక్క దాన్ని దాటితే 'భేష్'. తరవాత రెండు పక్కలా ఇటుకలు పెట్టి వాటి మీద ఆనించండి. బెత్తెడు ఎత్తు. అది వచ్చాక జానెడు. కుక్క ముందుకాలి మోచేయి ఎత్తు దాటించవద్దు. కర్రను కట్టేయకూడదు. కాలు తగిలితే కింద పడిపోవాలి. కట్టేస్తే కుక్క కాలు విరుగుతుంది. నున్నటి బండల మీద దూకించవద్దు. మట్టి నేల మంచిది.

టైరు: పాత మోపెడ్ టైరు నిలబెట్టి పట్టుకోండి. టైరు నేలకు ఆని ఉండాలి. కుక్క అందులోనుంచి నడిచి రావాలి. దూకాల్సిన పని లేదు.

మెలికల దారి: ఆరు కర్రలు వరసగా పాతండి. కర్రకూ కర్రకూ మధ్య రెండు అడుగులు ఉండాలి. పోటీల్లో కూడా సుమారు అంతే దూరం ఉంటుంది. మొదటి కర్ర కుక్కకు ఎడమ భుజం వైపు ఉండేట్టు లోపలికి పంపాలి. ఇది అన్నిటికంటే కష్టమైన అడ్డంకి. మొదట రెండు కర్రలతోనే మొదలుపెట్టండి. రాజుకు నెల చివరికి నాలుగు కర్రలే వచ్చాయి. ఫరవాలేదు.

నడక పలక: పోటీల్లో ఈ పలక సుమారు నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది. మనకు అంత ఎత్తు వద్దు. అడుగు వెడల్పు చెక్క తీసుకుని రెండు ఇటుకల మీద కదలకుండా పెట్టండి. పోటీల్లో పలక చివర్లకు వేరే రంగు వేస్తారు. తరచుగా పసుపు రంగు. కుక్క ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ రంగు తొక్కాలి. మధ్యలోనుంచి దూకేస్తే తప్పు. ఎందుకంటే ఎత్తునుంచి దూకితే కీళ్లకు దెబ్బ. అత్త ఏం చేసిందో తెలుసా? గడపకు రాసినట్టే చెక్క రెండు చివర్లా పసుపు రాసింది. కుక్కకు ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేడా తెలియవు. పసుపు, నీలం బాగా తెలుస్తాయి.

అరుగు: తక్కువ ఎత్తు అరుగు ఎక్కి కూర్చోవాలి. ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా దిగకూడదు. రాజుకు ఇది బాగా ఉపయోగపడింది. ఉరికే కుక్కకు ఆగడం వచ్చింది.

ఒక్కొక్కటీ వచ్చాక రెండు కలపాలి. కర్ర దాటి మంచం కింద దూరాలి. తరవాత మూడు. మనం పక్కనే పరుగెత్తాలి. కుక్క మన మాట కంటే మన భుజం, మన పాదం ఎటు తిరిగాయో చూస్తుంది. మీరు ఎడమకు తిరిగి 'కుడికి పో' అంటే అది ఎడమకే వస్తుంది. తప్పు దానిది కాదు.

అత్త నోటుపుస్తకం

అత్త రోజూ రాత్రి రెండు ముక్కలు రాసేది. నేను చెప్పి రాయించినవి కావు. సొంతంగా రాసినవి. ఒక పేజీలో ఇట్లా ఉంది:

"సోమవారం. కర్ర 6 సార్లు. 1 సారి పడేసాడు. మంచం బాగా దూరాడు."

"మంగళవారం. వాన. ఆట లేదు. ఆగు మాత్రం చెప్పాను."

"బుధవారం. సైకిలు దూరంగా పోయింది. ఆగు అన్నాను. ఆగాడు. భేష్."

'ఆగు' ఎట్లా నేర్పిందో చూడండి. మొదట సైకిలు వీధి చివర ఉన్నప్పుడు. రాజు చూసి ఊరుకుంటే ముక్క. తరవాత ఇరవై అడుగుల దూరంలో. ఆ తరవాత పది అడుగుల దూరంలో. రాజు మెడ తాడు ఎప్పుడూ అత్త చేతిలోనే ఉండేది.

ఇరవై ఏడో రోజు

ఆ రోజు సాయంత్రం అత్త, రాజు బస్సు రోడ్డు పక్కన నడుస్తున్నారు. నేను నాలుగు అడుగులు వెనక ఉన్నాను. రోడ్డు అవతల పిల్లి కనపడింది. రాజు ఒక్క గుంజు గుంజింది. పాత తాడు పుటుక్కున తెగింది. రాజు రోడ్డు మీదికి ఉరికింది. ఎదురుగా లారీ వస్తున్నది.

నాకు నోట మాట రాలేదు.

"రాజూ! ఆగు!" అంది అత్త.

రాజు ఆగింది. రోడ్డు అంచు మీదనే ఆగి వెనక్కి తిరిగి చూసింది. లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది.

"రా" అంది అత్త. వచ్చింది. అత్త నేల మీద కూలబడి దాన్ని పట్టుకుని ఏడ్చింది. 'భేష్' అని ఎన్ని సార్లు అందో లెక్కలేదు. చేతిలో ముక్క ఒక్కటి కూడా లేదు. రాజు ఆమె చేయి నాకింది.

గడువు రోజు పెద్దలు వచ్చారు. రాజు కర్ర దూకింది. మంచం కింద దూరింది. పలక మీద పసుపు తొక్కుతూ దిగింది. అరుగు ఎక్కి కూర్చుంది. ఒక కర్ర పడేసింది కూడా. జనం నవ్వారు.

అప్పుడు ఒకాయన సైకిలు తొక్కుకుంటూ ముందునుంచి పోయాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. అత్త 'ఆగు' అంది. రాజు అరుగు దిగలేదు.

దెబ్బ తగిలిన పిల్లవాడు వాళ్ల అవ్వ వెనక నిలబడి చూస్తున్నాడు. "నేను ముక్క పెట్టనా?" అని అడిగాడు. అత్త రాజును పట్టుకుంది. పిల్లవాడు ముక్క నేల మీద పెట్టి వెనక్కి వచ్చేశాడు. అంతే. అంతకంటే మేము బలవంతం చేయలేదు. వాడి భయం కూడా మెట్టు మెట్టుగానే పోవాలి గదా.

"ఇక ఉండనీయండి" అన్నారు పెద్దలు.

రాజు పూర్తిగా మారిపోయిందని చెప్పను. మోటారు సైకిలు చప్పుడు వింటే ఇంకా మొరుగుతుంది. వీధిలోకి పోతే ఇప్పటికీ మెడకు తాడు ఉంటుంది. కొత్త తాడు. పగలు పక్కింటి పెద్దమ్మ ఒకసారి విప్పి వాకిట్లో తిప్పుతుంది. కానీ మా వీధి పిల్లలు ఇప్పుడు 'ఉస్కో' అనడం లేదు. 'భేష్' అంటున్నారు.

గుర్తుంచుకోండి

కుక్క కరిస్తే, పన్ను గీసుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడగాలి.
కారం, సున్నం, పసరు పెట్టకూడదు.
ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పూర్వంలాగా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఇప్పుడు లేవు. చేతికి కొన్ని సూదులు వేస్తారు. అన్నీ వేయించుకోవాలి.
రేబిస్ జబ్బు లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. ముందే సూదులు వేయించుకుంటే జబ్బు రాదు.

కొత్త మాటలు

అడ్డంకి = దారిలో అడ్డుగా ఉండేది
గడువు = ఒక పనికి ఇచ్చిన సమయం
బెత్తెడు = నాలుగు వేళ్ల వెడల్పు
శిక్షణ = పని నేర్పడం
బహుమానం = మెచ్చుకుని ఇచ్చేది

చెప్పండి

1. అజిలిటీ ఆట ఏ దేశంలో, ఏ సంవత్సరంలో మొదలైంది?
2. కర్రను ఇటుకలకు ఎందుకు కట్టేయకూడదు?
3. పలక చివర్లకు అత్త పసుపు ఎందుకు రాసింది?
4. కుక్క భయపడితే ఎట్లా తెలుస్తుంది?

మాట్లాడుకోండి

పంతులమ్మ రాజును తాడు పట్టి లాగింది. అత్త ఆరు రోజులు ఓపిక పట్టింది. మీ ఇంట్లో పిల్లలకు ఏదైనా నేర్పేటప్పుడు మీరు ఎవరిలాగా చేస్తారు? మీకు చిన్నప్పుడు ఎవరు ఎట్లా నేర్పారు?

రాయండి

మీ ఇంట్లో కుక్క కానీ, దూడ కానీ, మేకపిల్ల కానీ ఉందా? దాని పేరు రాయండి. అది ఈ వారం ఏం నేర్చుకుందో రోజుకు ఒక వాక్యం రాయండి. తప్పు చేసిన రోజు కూడా రాయండి. వచ్చే వారం కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.